ఇద్దరికీనండీ

బర్మాని ఆ రోజుల్లో రంగం అనేవారు. అక్కడ ఉండొద్దని వెళ్ళగొడితే వచ్చినవాళ్ళకి అమలాపురం శివార్లలో పాకలు వేసిచ్చారు. మొగుణ్ణి రంగం మట్టిలోనే వదిలి, కూతుర్ని చంకనేసుకుని ఓడెక్కిన దుర్గమ్మ కూడా అక్కడే చేరింది. ఏళ్ళు గడిచినా తెచ్చిన మూట విప్పలేదు. ఎవరో తలుపు కొట్టి మళ్ళీ పొమ్మంటారని దాని మీదే కూర్చుని తెల్లవార్చేది. పగలు కొబ్బరిపీచు దంచుతూ కునికేది.

గాలి సోకిందన్నారు, పిచ్చన్నారు. కుండకి మూకుడు పెట్టగలం గానీ ఊరి నోటికి పెట్టగలమా! పిచ్చాసుపత్రిలో పడేస్తే పిల్ల ఏమైపోతుందన్నదే దుర్గమ్మ బెంగ. డాక్టరన్న మాట వినబడితే తలుపేసుకునేది.

పక్క వీధి కృపమ్మ మిషనాసుపత్రిలో ఆయా. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఓ పొద్దున వచ్చి, "నాకూ నిద్ర పట్టట్లేదే దుర్గా. కాకినాడలో నిద్ర డాక్టరుగారున్నారంట. ఒక్కదాన్నే వెళ్ళలేను, తోడు రా. పిల్లనీ తెచ్చుకో," అంది.

పిల్లని తెచ్చుకోమన్నాకే దుర్గమ్మ కదిలింది. పంటు మీద గోదావరి దాటినంతసేపూ కృపమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

జబ్బెవరికని డాక్టరుగారు అడిగేసరికి దుర్గమ్మ పిల్లని దగ్గరికి లాక్కుంది.

"ఇద్దరికీనండీ. ముందు నన్ను చూడండి," అంది కృపమ్మ.

ఆవిడ గురక వీధి చివరిదాకా వినబడేది! అయినా బుద్ధిగా కూర్చుని అడిగినవాటికల్లా జవాబు చెప్పింది. ఇంతేనా అనిపించింది దుర్గమ్మకి. తన వంతు రాగానే మొగుడి గురించీ ఓడ గురించీ మొదటిసారి నోరు విప్పింది. డాక్టరుగారు పిచ్చి అన్న మాటే ఎత్తలేదు. మాత్రలిచ్చి, మళ్ళీ రమ్మన్నారు.

చాన్నాళ్ళు తిరిగాక ఓ రోజు దుర్గమ్మ మూట విప్పి, అందులోని చీర కట్టుకుని కృపమ్మ గుమ్మంలో నిలబడింది. దణ్ణం పెడదామని వంగబోతే, ముందు ఆ ముడతల చీర ఉతుక్కోమని కసిరింది ఆ మహాతల్లి.

ఎనభయ్యారు వరదనాటికి కృపమ్మ లేదు. ఇళ్ళు పోయినవాళ్ళని టౌన్లో బడిలో ఉంచితే, గంజి పొయ్యడానికి దుర్గమ్మ వెళ్ళేది. గోదావరి మధ్య లంక నుంచి వచ్చిన సువార్తమ్మ అక్కడ తిండి మాని, నీళ్ళ చప్పుడు వినబడుతోందని చెవులు మూసుకుని కూర్చునేది. తనకి నిద్ర పట్టట్లేదనీ, తోడు రమ్మనీ బతిమాలి, దుర్గమ్మ ఆమెని కాకినాడ తీసుకెళ్ళింది.

"ఇద్దరికీనండీ. ముందు నన్ను చూడండి," అంది.

నిద్ర పడుతోందా అని అడిగారు డాక్టరుగారు. కృపమ్మలా అబద్ధం ఆడడం దుర్గమ్మకి చేతకాలేదు. కళ్ళు నిండాయి.

"ఇప్పుడు పడుతుందండీ. ఒకప్పుడు పట్టేది కాదు. మా కృపమ్మక్క ఇదిగో, ఇలాగే నా పక్కన కూర్చుందండీ."

సువార్తమ్మ చెవుల మీంచి చేతులు తీసింది.