బాపు తాగని బొండాం

నా చిన్నప్పుడు కాగజ్‌నగర్‌లో జబ్బు మనిషిని చూడటానికి ఎవరొచ్చినా చేతిలో కొబ్బరి బొండాం ఉండేది. మా బాపుకు మూత్రపిండాలు చెడిపోయిన ఏడాది మా ఇంటికి వచ్చినన్ని బొండాలు ఏ పెళ్ళికీ వచ్చి ఉండవు. అవి ముట్టకూడదని, మంచినీళ్ళు కూడా కొలిచి తాగాలని కరీంనగర్ డాక్టరు గట్టిగా చెప్పాడు. దగ్గర్లో డయాలసిస్ లేని రోజులవి. మా అవ్వ, అంటే అమ్మ, ఆ మాట జవదాటేది కాదు. కోడలు తన కొడుకు నోరు ఎండగడుతోందని నాయినమ్మ ఏడ్చేది. నాకూ అవ్వ మీద ఒళ్ళు మండేది.

దసరా ముందు ఇల్లు దులుపుతూ సామానంతా వాకిట్లో పెట్టారు. బాపు మంచం కూడా బయటికే వచ్చింది. "నన్ను గూడ సామాన్ల కలిపిన్రు" అని నవ్వాడు. కాళ్ళు వాచి, మొహం ఉబ్బినా ఆయనకు వేళాకోళం పోలేదు. నీళ్ళెందుకు తాగవని అడిగితే, డాక్టరు బొమ్మ గీసి చెప్పిన సంగతిని నాకు వాకిలి చూపించి చెప్పాడు.

"మన లోపట గూడ గిట్లనే బిడ్డా. మూత్రపిండంల కండ్లకు కనవడని జల్లెడలు లక్షలుంటయి. ఒక్కో జల్లెడంటే సన్నటి రక్తనాళాల ఉండ. నెత్తురు అండ్లకెళ్లి పోతుంటే నీళ్ళు, ఉప్పు, చక్కెర, మురికి అన్నీ బయటవడ్తయి. నెత్తురు కణాలు పెద్దయి, జల్లెడ దాటయి. బయటవడ్డదాన్ని ఒక సన్న గొట్టం అందుకొని, కావల్సింది మళ్ళ లోపలికి తెచ్చుకుంటది, మీ అవ్వ సామాను ఏరుకున్నట్టు. మిగిలిందే మూత్రం. నా జల్లెడలు సచ్చిపోయినయి. తాగిన నీళ్ళు ఒంట్లనే నిలుస్తయి. బొండాంల ఒక తీరు ఉప్పుంటది, అది బయటికి పోక గుండెను ఆపుతది."

మళ్ళీ మొలవవా అన్నాను. "మొలవయి" అన్నాడు.

అంతలో నాయినమ్మ కొట్టిన బొండాం ఒకటి చాటుగా తెచ్చి ఆయన చేతిలో పెట్టి, కోడలు రాకుండా చూడటానికి గడప దగ్గరికి పోయింది. బాపు దాన్ని కాసేపు అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత నా నోటికి పెట్టాడు. "తాగు. సప్పుడు జెయ్యకు." నేను తాగుతున్నంతసేపూ ఆయన గొంతు కూడా గుటక వేసినట్టు కదిలింది. నాయినమ్మ వచ్చి ఖాళీ బొండాం చూసి కొడుకు తల నిమిరింది.

"కడుపు సల్లవడ్డదా కొడుకా?"

"సల్లవడ్డదే అవ్వా."

ఆ చలికాలం దాటకుండానే బాపు పోయాడు. ఒక్కసారైనా కొడుకు దాహం తీర్చానని నాయినమ్మ బతికినన్నాళ్ళూ చెప్పుకునేది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె నిలబడింది. నేను ఏనాడూ కాదనలేదు. ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఎప్పుడు బొండాం తాగినా, నా గుటకతో పాటు ఇంకో గొంతు ఉత్తగానే కదులుతుంది.