గోడ అవతలి ఈల

మా చిన్నప్పుడు... పొద్దు వాలగానే నాన్న చేతులు కడుక్కుని రేడియో ముందు కూర్చునేవాడు. టేకు పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, గాజు పలక మీద మేం ఎన్నడూ చూడని ఊళ్ల పేర్లు... స్విచ్చి వేయగానే పలికే రకం కాదది. లోపలి వాల్వులు ఎర్రగా వేడెక్కాలి, పలక వెనక దీపం వెలగాలి, దుమ్ము కాలిన వాసన రావాలి... అప్పుడుగానీ గొంతు వచ్చేది కాదు. విశాఖపట్నం స్టేషన్ కోసం నాన్న ముల్లుని వెంట్రుకవాసి చొప్పున జరిపేవాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఖరగ్‌పూర్‌లో కూర్చుని గాల్లోంచి తెలుగు మాట పట్టుకోవడం ఆయనకు రోజూ ఓ గెలుపు.

అప్పటికింకా మాకు క్వార్టర్ అలాట్ కాలేదు. నిమ్‌పురా దగ్గర రేకుల కప్పు వరస ఇళ్లలో అద్దెకుండేవాళ్లం. మా గోడ అవతల యేసుపాదం తాత. రిటైరైన రైలు గార్డు, ఒక్కడే ఉండేవాడు. ఆయన దగ్గరా అలాంటి వాల్వు రేడియోనే...

ఆ పాత రేడియోల్లో ఓ చిత్రం ఉంది. అవి వినడమే కాదు, తమలోంచి సన్నటి తరంగాన్ని బయటికీ వదులుతాయి. పక్కింట్లో ముల్లు తిప్పుతుంటే మన రేడియోలో “కూ...” మని ఈల. సన్నగా మొదలై, బొంగురుగా దిగి, మళ్లీ పైకి పోయేది. రోజూ వార్తలకు ముందు ఆ ఈల వచ్చిందంటే తాత రేడియో పెట్టాడన్నమాట.

టాటానగర్‌లో ఉండే తాత కూతురు ఓసారి వచ్చి వెళ్తూ మా అమ్మ చేతులు పట్టుకుంది... “వదినా, రోజుకోసారి మా నాన్నని సూడు” అని. అమ్మ మాటిచ్చింది. తాతకేమో ఎవరైనా వచ్చి బాగోగులడిగితే చిరాకు. “నేనేటి సిన్నపిల్లాడినా?” అని కసిరేవాడు. అందుకని అమ్మ ఆ ఈలనే ఆనవాలుగా పెట్టుకుంది. ఈల వస్తే “మావయ్య బాగున్నాడు” అనేది. రాకపోతే నన్ను పంపేది. తాతకీ ఆ సంగతి తెలుసు.

ఆ ఏడు వానాకాలం... మూడు రోజులు విడవని ముసురు. తాత తలుపు మూసే ఉంది. ఆ వానకి ఎవరి తలుపులు మాత్రం తెరిచి ఉంటాయి? మొదటి సాయంత్రం ఈల వచ్చింది. రెండో సాయంత్రమూ వచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచే తలూపింది.

మూడో సాయంత్రం మా ఊళ్లోనే ఇందా అనే పేట నుంచి రేడియోలు రిపేరు చేసే బెంగాలీ దాదా వచ్చాడు. తాత తలుపు కొట్టీ కొట్టీ, మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “బౌదీ, దాదూ ఘర్ మే నహీ హై క్యా?” అని అడిగాడు, తాత ఇంట్లో లేడా అని. చేతుల్లో ప్లాస్టిక్ పట్టా చుట్టిన పెట్టె... తాత రేడియో. మొన్న పొద్దున తాతే రిక్షాలో తెచ్చి రిపేరుకి ఇచ్చాడట. మర్నాడు వస్తానని చెప్పి రాలేదట.

అమ్మ ఇంకా ఏమీ అననేలేదు... లోపల మా రేడియోలో ఈల మొదలైంది. సన్నగా... బొంగురుగా... మళ్లీ సన్నగా...

అమ్మ దాదా చేతుల్లోని పెట్టె వంక చూసింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా ఆ ఈల చెవిలో ఉంది...

నాన్న పరుగున వెళ్లి తాత తలుపు గడియ విరగ్గొట్టాడు. తాత నేల మీద, గోడవారగా పడి ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది, పెదాలు ఎండి అట్టకట్టాయి. ప్రాణం మాత్రం ఉంది. రేడియో ఇచ్చి వచ్చిన పూటే జారిపడ్డాడట.

ఆసుపత్రిలో మాట వచ్చాక తాత అమ్మతో అన్నాడు...

“ఈల నాకూ ఇనబడినాదమ్మా, మీ రేడియోలోంచి. నా రేడియో ఇంట్లో నేదు కదా, ఎవులు తిప్పుతున్నారా అనుకున్నాను. అరిసినాను. ఆ వానలో మీకు ఇనబడనేదు. ఈల ఇని ఊరుకుంటావని, నువ్వు రావని... నాకు తెలుసును.”

అమ్మ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. “మాటిచ్చినాను మావయ్యా... గోడ పక్కనే ఉండి సూడనేదు.”

“ఎనక వీదిలో ఎవులో తిప్పుంటారే” అని నాన్న సర్దిచెప్పాడు. చెప్పాడే గానీ, ఆ వీధంతా తిరిగి అడిగొచ్చాడు. అందరివీ చిన్న చిన్న ట్రాన్సిస్టర్లే, అలా ఈల వేయించే వాల్వు రేడియో ఒక్కటీ లేదు. ఆ తర్వాత నెల రోజులు అదే వేళకి, అదే స్టేషన్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఈల ఒక్కసారి కూడా రాలేదు.

తాత కర్ర సాయంతో ఇంకో నాలుగేళ్లు బతికాడు. ఆయన ఎంత కసిరినా సరే, అమ్మ రోజూ వెళ్లి మొహం చూసి వచ్చేది.

ఇప్పుడు మేం ఇందాలో ఫ్లాట్‌లో ఉంటున్నాం. పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో నిజంగా నాకు తెలీదు... మొన్నామధ్య పై అంతస్తులో ఒంటరిగా ఉండే దీదీ రెండ్రోజులు కనబడలేదు. ఫోన్ చూసి, “ఇందాకే ఆన్‌లైన్‌లో ఉన్నట్టు సూపిస్తోందే అమ్మా, బాగానే ఉంటాది” అన్నాను.

అమ్మ వింటూనే లేచింది. ఆ మోకాళ్ల నొప్పులతోనే రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కింది. వెనకే నేనూ వెళ్లాను. దీదీ తలుపు తీసింది... నవ్వుతూ, చేతిలో టీ కప్పుతో. ఆమె మొహం చూసి, అమ్మ అక్కడే మెట్టు మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

మీ ఇళ్లలోని పాత రేడియోల ముచ్చట్లు కింద రాయండి, చదువుతాను... కాకపోతే ముందు లేచి వెళ్లి, ఎవరిదో ఒకరి తలుపు తట్టి వచ్చి రాయండి.