గెర్డా ఊపిరి కోసం ఆగిన మాధవరావుగారు

మాధవరావుగారు పోయారన్న కబురు బుధవారం ఉదయం ఏడుంబావుకు వచ్చింది. ఫోన్ చేసింది వారి అమ్మాయి లలిత. “అంకుల్, నాన్న వెళ్ళిపోయారు. ఐదింటికి. నిద్రలోనే,” అంది. నేను డైరీ తీసి టైము వేశాను. ఆ తరవాత ఒక్క మాటా రాయలేకపోయాను. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి విడవకుండా రాస్తున్న డైరీలలో, టైము ఒక్కటే ఉండి మిగతాదంతా ఖాళీగా ఉన్న పేజీ అదొక్కటే. ముందురోజు సాయంత్రమే లిమరిక్ ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన కూర్చుని వచ్చాను. “రేపు వచ్చేప్పుడు నాలుగు వడలు తీసుకురావయ్యా గోపాలం, నర్సు కంట పడకుండా,” అన్నారు. పప్పు నానబోసి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

మన ఉగాది సభల్లో వెనక వరసలో కూర్చుని, ప్రసంగం పొడుగైతే వాచీ వంక చూడకుండా తల మాత్రమే ఊపే పెద్దాయనగా ఆయన మీలో చాలామందికి తెలుసు. కొత్తగా చదువుకు వచ్చిన పిల్లలకు అద్దె ఇంటి లీజు కాగితాలు చదివి, ఎక్కడ సంతకం చెయ్యకూడదో వేలు పెట్టి చూపించిన మనిషిగా ఇంకొందరికి తెలుసు. యౌవనంలో ఆయన ఒక జర్మన్ పాటల బృందంలో ఉన్నారని మాత్రం రెండేళ్ళ కిందటి దాకా ఇంచుమించు ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. తెలిసీ నేనొక తప్పు చేశాను. ఆ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

ఐర్లండ్ వచ్చి షానన్‌లో ఒక కర్మాగారపు కొలతల విభాగంలో నేను చేరేనాటికి ఆయన అక్కడ పెద్ద. మొదటి వారంలోనే నేను యంత్రం మీదనుంచి అప్పుడే దిగిన ఉక్కు ముక్కల్ని కొలిచి, ట్రే మొత్తం పనికిరాదని ఎర్ర చీటీ అంటించాను. ఆయన వచ్చి చీటీ పీకారు. “ఏ ఊరు మనది?” అన్నారు.

“ఖమ్మం అండీ.”

“మాది బందరు. ఖమ్మంలో అన్నం పొయ్యి మీదుండగానే తింటారా? ఈ ఉక్కు ఇంకా వేడిగా ఉంది, ఉబ్బి ఉంది. కాసేపు కూర్చోనీ. తన అసలు కొలత అదే చెబుతుంది.”

మర్నాడు కొలిస్తే ట్రేలో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. పక్క బల్ల దగ్గరి ఐరిష్ సహోద్యోగి “గ్రాండ్, గోపాల్, గ్రాండ్” అని నవ్వాడు. మాధవరావుగారు నవ్వలేదు. నేను రెండోసారి కొలవడం పూర్తయ్యేదాకా నా పక్కనే నుంచున్నారు.

వేడితో ఆయనకు అంత పరిచయం ఎలా వచ్చిందో చాలా ఏళ్ళకు తెలిసింది. పాతికేళ్ళ వయసులో ఆయన జర్మనీలో బొగ్గుగనుల ప్రాంతపు ఊరొకదానిలో, యంత్రాల కర్మాగారంలో శిక్షణకు వెళ్ళారు. అద్దెగది కింద నేలమాళిగ. అందులో గెర్డా అనే అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు రోజూ సాయంత్రం పాటలు సాధన చేసేవారు. అప్పుడు అక్కడ న్యూ వేవ్ అనే ధోరణి కొత్తగా వచ్చింది. సంగీతం నేర్చుకోని కుర్రాళ్ళు చవక ఎలక్ట్రిక్ కీబోర్డులు, దానంతటదే దరువు వేసే ఒక పెట్టె కొనుక్కుని, ఇంగ్లీషు మానేసి సొంత భాషలో, ముఖంలో నవ్వు లేకుండా పాడేవారట. నేలమాళిగకు దిగే మెట్లు ఏడాది పొడుగునా చెమ్మగా ఉండేవి. అందుకని బృందానికి ‘నాస్సె ట్రెప్పె’ అని పేరు పెట్టుకున్నారు. తడి మెట్లు అని అర్థం.

ఒక సాయంత్రం మాధవరావుగారు ఆ మెట్లు దిగి తలుపు తట్టారు. చప్పుడు ఎక్కువైందని గొడవకు వచ్చాడనుకుని గెర్డా ముందే క్షమాపణ చెప్పింది. “చప్పుడుతో నాకు పేచీ లేదు. మీ పెట్టె పరుగెడుతోంది,” అన్నారీయన. వాళ్ళు నవ్వారు. యంత్రం పరుగెత్తడమేమిటి అన్నారు. ఆయన మెట్టు మీద కూర్చుని, చిన్నతనంలో పెదనాన్న దగ్గర మృదంగం నేర్చిన చేత్తో తొడ మీద ఆదితాళం వేస్తూ పాటంతా విన్నారు. పాట ముగిసేసరికి ఆయన చెయ్యి ఒకచోట, పెట్టె ఒకచోట ఉన్నాయి. వేడెక్కేకొద్దీ ఆ పెట్టె దరువు ముందుకు జారుతోంది. మర్నాటినుంచి ఆయన కొలువు ఆ పెట్టె పక్కన. కుడిచేత్తో తాళం, ఎడమచేత్తో ముందుకు జారిన దరువును ఆపి పట్టే మీట.

ఇంకొక పని కూడా ఆ ఎడమచేతిదే. గెర్డాది ఉబ్బస ఛాతీ. ఒక పాట చివరి చరణం ముందు ఆమెకు ఊపిరి చాలేది కాదు. పెట్టె ఆమె కోసం ఆగదు. అందుకని ఈయన మీట నొక్కి పట్టి దరువును ఆపేసేవారు. ఆమె ఊపిరి పీల్చుకుని, కళ్ళతో సైగ చేశాక వదిలేవారు. రికార్డు చేసిన రోజున ఆమెకు దగ్గు కూడా ఉంది. అందువల్ల ఆ ఆగడం మరీ పొడుగైంది. అలాగే ఉంచేశారు. వాళ్ళు వేసింది ఆ ఒక్క రికార్డే. అట్ట వెనక అందరి పేర్లూ వేసి, చివర ‘వేడి: రావు’ అని అచ్చువేశారు. ఎవరూ కొనలేదు. బృందం చెదిరిపోయింది. ఈయనను కర్మాగారంవారు షానన్ పంపారు. ఒక క్యాసెట్టు మాత్రం వెంట వచ్చింది. ఆదివారం పూట తలంటుకుని, తడి జుట్టుతో అది పెట్టుకుని కూర్చునేవారట. నాకూ ఒకసారి వినిపించారు.

నలభై ఏళ్ళు గడిచాయి. లలిత డబ్లిన్ దగ్గర సిటీవెస్ట్‌లో తన ఆఫీసులో ఉండగా, పక్క సీటు కుర్రాడి కంప్యూటరులోంచి ఆ పాట వినిపించింది. అక్కడికక్కడే తండ్రికి ఫోన్ చేసింది. “నాన్నా, యువర్ సండే సాంగ్! మా ఆఫీసులో వస్తోంది. సీరియస్లీ!”

“తలంటు ఎవరు పోసుకున్నారే?” అన్నారట ఈయన.

ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో ఆ రికార్డు దొరికిన ఒకాయన దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. అది దేశాలు దాటింది. నలుగురిలో ముగ్గుర్ని అభిమానులు వెతికి పట్టుకున్నారు. ‘రావు’ అన్నది ఆ దరువు పెట్టెకు పెట్టిన ముద్దుపేరని తేల్చేశారు. కాదు, మనిషేనని గెర్డా చెప్పాక, రికార్డును మళ్ళీ వెయ్యబోతున్న బెర్లిన్ సంస్థవారు లలిత ద్వారా ఈయనకు ఉత్తరం రాసి, నమూనా ప్రతి ఒకటి పంపించారు.

దాన్ని వినడానికి నన్ను పిలిచారు. వారి శ్రీమతి శారదమ్మగారు కాఫీ ఇచ్చి తనూ కూర్చున్నారు. ఇక్కడే నా తప్పు. నేను వాచీ చేతిలోకి తీసుకుని, పాట మొదటినుంచి చివరిదాకా లెక్కపెట్టి, “అద్భుతం రావుగారూ! ఒక్క దరువు జారలేదు. పాత క్యాసెట్టులో ఆ లోపం ఉండేది చూశారా, చివరి చరణం ముందు? అది కూడా సరిచేశారు,” అన్నాను.

“అవునయ్యా, సరిచేశారు. ఆ పాటలో నేనున్నది అక్కడొక్కచోటే,” అన్నారాయన.

కంప్యూటరుతో దరువులన్నీ సమం చేసి, ఖాళీని మూసేశారు. గెర్డా ఊపిరి పీల్చిన చప్పుడు కూడా దాంతోపాటే పోయింది. గది బరువెక్కింది. తేలిక చెయ్యాలని కాబోలు శారదమ్మగారు, “ఆవిడ ఊపిరి కోసం ఆగారు. నేను చెప్పులు వేసుకునేదాకా ఏనాడైనా ఆగారా?” అన్నారు. ఆయన నవ్వారు. కాఫీ మాత్రం ముట్టుకోలేదు.

బెర్లిన్‌కు రాయండని నేను మూడు వారాలు పోరాను. “యంత్రం తప్పుతోందని చెప్పడానికి ఒకసారి మెట్లు దిగాను. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు,” అని దాటేశారు. అప్పటికే గుండె బలహీనపడింది. రికార్డు అచ్చుకు వెళ్ళే గడువు దగ్గరపడింది. చివరికి నేనే కాగితం, కలం తీసుకుని వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని, “చెప్పండి, రాస్తాను. చెప్పకపోతే నా ఇంగ్లీషులో నేనే రాసి పంపిస్తాను,” అన్నాను. నా ఇంగ్లీషుకు భయపడి లొంగారు.

నేను ‘మీరు చేసింది తప్పు’ అని మొదలుపెట్టాను. కొట్టేయించారు. “తప్పని రాయకు. దరువులు సరిచేసిన కుర్రవాడు శ్రద్ధగా పనిచేశాడు, నీలాగే. ‘ఇక్కడ ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఆగాడు. వీలైతే ఆ చోటు ఉండనివ్వండి’ అని రాయి. చాలు.” అంతే రాశాను. ‘నీలాగే’ అన్న మాట ఆయన నొప్పించడానికి అనలేదు. అందుకే అది నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

జవాబు రాలేదు. వారం తరవాత ఆయన ఆసుపత్రిలో చేరారు. రోజూ వెళ్ళగానే ఆయన మొదట చూసేది నా ముఖం. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆయన వాతావరణం గురించి మాట్లాడేవారు.

పోవడానికి నాలుగు రోజుల ముందు గెర్డాయే ఫోన్ చేసింది. నేనక్కడే ఉన్నాను. నాకు జర్మన్ రాదు. ఆయన మాట్లాడింది తక్కువ. అవతల ఆమె దగ్గు నాకు వినిపిస్తూనే ఉంది. దగ్గినప్పుడల్లా ఆయన ఫోను చెవికి ఆనించుకుని, దుప్పటి మీద చెయ్యి కదలకుండా పెట్టి, ఊరుకునేవారు. ఫోన్ పెట్టేశాక ఏమన్నారని అడిగాను.

“ఆ ఇల్లు చూడ్డానికి వెళ్ళిందిట. మెట్లు ఇంకా తడిగానే ఉన్నాయిట,” అన్నారు. అప్పుడు గుర్తొచ్చినట్టు, “మన ఉత్తరం తనకు చూపించారట. అసలు టేపు తన దగ్గర ఉంటే పంపించానంది. వాళ్ళేం చేస్తారో తెలియదు,” అన్నారు. ఆ సంగతి తెలియకుండానే ఆయన పోయారు.

బెర్లిన్ జవాబు గురువారం వచ్చింది, ఒక్క రోజు ఆలస్యంగా. కబురు తెలిసి, రికార్డు కోసం కొత్తగా తయారుచేసిన పాటను లలితకు పంపించారు. శనివారం క్రిమటోరియంలో, మంత్రాలు అయ్యాక, ఆమె దాన్ని పెట్టించింది. వచ్చిన నలభైమందిలో ఆ పాట అంతకుముందు విన్నవాళ్ళు ముగ్గురమే. కొత్తగా చేశారని తెలుసుగాని, ఏం చేశారో మాకు తెలియదు. లలిత కూడా ముందుగా వినడానికి ధైర్యం చెయ్యలేదు. నేను ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. వాచీ ఆవేళ పెట్టుకోలేదు.

చివరి చరణం ముందు దరువు ఆగిపోయింది.

హాలంతా నిశ్శబ్దం. మూలనున్న నల్లకోటు ఉద్యోగి, స్పీకరు పాడయిందనుకుని, గబగబా యంత్రం వైపు కదిలాడు. శారదమ్మగారు కుర్చీలోంచి లేవకుండానే చెయ్యెత్తి అతన్ని ఆపారు. అతను ఉన్నచోటే నిలబడిపోయాడు. అప్పుడు వినిపించింది, ఒక ఆడమనిషి కష్టపడి ఊపిరి పీల్చుకున్న చప్పుడు. దరువు మళ్ళీ మొదలైంది. ఆమె పాడింది.

అంతా అయ్యాక అతను వచ్చి, ఆగిపోయిందనుకున్నాను, క్షమించండి అన్నాడు.

“నో, నో. దట్ వాజ్ మై హస్బెండ్,” అన్నారు శారదమ్మగారు.

తప్పు చూపించేవాళ్ళు నాకు ఇంకా చాలామంది ఉన్నారు. చూపించి, నేను దిద్దుకునేదాకా పక్కన నుంచునే మనిషి ఆయనొక్కరే. ఈ వ్యాసంలో ఎక్కడెక్కడ తొందరపడ్డానో చెప్పేవారు ఇప్పుడు లేరు. మాధవరావుగారికి నమస్కారం.