నేను కూర్చోని స్టూలు

మా అమ్మ పోయింది. మౌలాలి రైల్వే క్వార్టర్ల దగ్గర ముప్పై ఏళ్ళు మెడికల్ షాపు నడిపిన మనిషి, పోయిన నెల ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, ఇక లేవలేదు. కడచూపుకు వచ్చినవాళ్ళలో నాకు ముఖం కూడా తెలియని ఆడపిల్లలు చాలామంది. మెడలో ఆఫీసు కార్డులతో కొందరు, చంకలో బిడ్డతో ఒకామె. నాకంటే ఎక్కువ ఏడ్చారు. అంత దుఃఖంలోనూ నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ కదా, వీళ్ళకెందుకింత?

అసూయే. దాచుకోవడం దేనికి? చిన్నప్పటినుంచీ ఉన్నదే.

షాపులో మందుల అరల చాటున ఒక నీలం ప్లాస్టిక్ స్టూలు ఉండేది. ఏ పిల్లయినా వచ్చి, మగవాళ్ళు వెళ్ళిపోయేదాకా దగ్గుమందు సీసాలు చూస్తూ నిలబడితే అమ్మకు అర్థమైపోయేది. "లోపలికి రా బిడ్డా, కూసో" అనేది. స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చేది. గర్భం రాకుండా మర్నాడు వేసుకునే మాత్రను అందరిలా కాగితంలో చుట్టి నల్ల కవర్లో పెట్టేది కాదు. "ఏమన్న దొంగతనం చేసినవా, దాస్కపోనీకి?" అని అక్కడే మింగించేది. తర్వాత వంగి, మెల్లగా ఏదో చెప్పేది. నేనుంటే మాత్రం "నువ్వు ఇంటికి నడువ్" అని పంపేసేది. ఆ మెల్లని గొంతు మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. నాకు దక్కింది "ఫోన్ల ఎవరు?", "చున్నీ సర్దుకో", "గింత లేటేంది?"

ఇరవై ఒకటో ఏట నాకే ఆ మాత్ర అవసరం పడింది. ఇంటి కిందనే షాపు. అందుకే రెండు బస్సులు మారి బేగంపేట వెళ్ళాను. అక్కడి షాపతను ఓ నవ్వు నవ్వి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఒక్క మాట చెప్పలేదు. ఒకటి వేసుకుంటే నెలంతా భయం లేదనుకున్నాను. ఆ ధైర్యంతో పది రోజుల తర్వాత జాగ్రత్త పడలేదు. ఆ నెల నెలసరి రాలేదు.

అమ్మ నా ముఖం చూసే పట్టేసింది. తిట్టలేదు. సైనిక్‌పురిలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఈ గర్భం నాకు వద్దన్నాను. తొలి వారాలే కాబట్టి మాత్రలతోనే అయిపోయింది. మూడు రోజులు షాపు మూసి నా పక్కనే కూర్చుంది. డాక్టరమ్మకు మళ్ళీ చూపించుకుని ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు మాత్రం ఉండబట్టలేక అంది: "దునియల పిల్లలంత నా కాడికొస్తరు. నా బిడ్డ బేగంపేటకు పాయె. గా బేగంపేటోని మీద నాకు కుళ్ళుగున్నది." మళ్ళీ తనే, "తప్పు నాదే. అందరికి చెప్పిన. నా బిడ్డకు గివన్ని ఎందుకులే అనుకున్న" అంది.

అమ్మకు కూడా అసూయ ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్తే మీరు నవ్వుతారు.

ఆ తర్వాత అమ్మ నాకు అన్నీ చెప్పింది, కానీ వంటింట్లో, కూరగాయలు తరుగుతూ. ఆ మాటలు నావి కూడా కావాలన్న పంతంతో నేను ఫార్మసీ చదివాను, ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాను. అయినా ఆ స్టూలు మీద కుళ్ళు పోలేదు.

మొన్న షాపు తెరిచాను. గంట కాకముందే ఒక పిల్ల వచ్చి దగ్గుమందు సీసాల ముందు నిలబడింది. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఎప్పుడైందని అడిగాను. నిన్ననే అంది. నీళ్ళిచ్చి, మింగించి, మొదలుపెట్టాను. "రెండు మూడు గంటలల్ల కక్కుకుంటే మళ్ళ రావాలె. ఇది ఈ ఒక్కసారికే..."

"రేపటికి పనిచెయ్యది, నెలంత కాయది" అని ఆ పిల్లే అందుకుంది. "వారం లేటైతే పరీక్ష చేస్కోవాలె, పరేషాన్ గావద్దు. మా అక్కకు ఆంటీ చెప్పిందంట. అక్క నాకు చెప్పింది."

నాకంటే ముందే వాళ్ళింటికి చేరిపోయాయి మా అమ్మ మాటలు. మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చెప్పాను, వంగి, మెల్లగా. ఆ పిల్ల గ్లాసు పట్టుకుని బుద్ధిగా వింది.

ఆమె వెళ్ళాక షట్టరు సగం దించాను. స్టూలు ఇంకా వెచ్చగా ఉంది. కూర్చున్నాను. గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి, ఎదురుగా అమ్మ నిలబడే చోటు వైపు చూస్తూ ఉండిపోయాను.