ముగ్గులో తేలిన ఎస్టిమేటు

ఆ రోజుల్లో నాకు జీతం తక్కువైనా తెలివికి లోటుండేది కాదు. అంటే, లోటు లేదని నేను అనుకునేవాణ్ణి. డిగ్రీ ఎలాగో గట్టెక్కి, జగ్గయ్యపేటలో ఒక షావుకారుగారి కొట్లో బిల్లులు రాసే పనిలో చేరి అప్పటికి ఆరు నెలలు. సిమెంటూ, ఇనుమూ, మేకులూ అమ్మే కొట్టు. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. పక్క సీట్లో ఎవరైనా ఇల్లు కడుతున్నానంటే చాలు, అడక్కపోయినా సలహాలు చెప్పే స్థాయికి ఆ ఆరు నెలల్లోనే ఎదిగిపోయాను. (పేట దాకా టిక్కెట్టు తీసుకున్న ఒక పెద్దమనిషి నా ధాటికి తట్టుకోలేక చిల్లకల్లులోనే దిగిపోయాడు.)

మా ఇంటికి రెండు గదులు, ఒక వరండా. వంట మాత్రం వెనక దొడ్లో నాలుగు రేకుల కింద, కట్టెల పొయ్యి మీద. వాన పడితే అమ్మ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని వండేది. పొగకి నీళ్ళు కారే కళ్ళు తుడుచుకోవడానికి మూడో చెయ్యి ఉండేది కాదు. వీరులపాడు బడిలో మాస్టారైన మా నాన్న ప్రతి వేసవిలోనూ "వచ్చే ఏడు వంటగది వేయించేద్దాం" అనేవారు. అలా నాలుగు వచ్చే ఏళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ వేసవిలో మాత్రం అమ్మ కంచాలు పెడుతూ పెడుతూ, "ఈసారి వానల్లో నేనక్కడ వండను. అంతే" అంది. అమ్మ నోట "అంతే" అనే మాట మేమెప్పుడూ వినలేదు. నాన్న చదువుతున్న పేపరు దించారు. "నా దగ్గరున్నది పద్దెనిమిది వేలు. అంతలో తేలితే సరే, దాటితే వచ్చే ఏడే. మేస్త్రిని పిలిచే ముందు మన లెక్క మన దగ్గరుండాలి. ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు. "దానిదేముంది నాన్నా, ఎస్టిమేటు నేనేస్తాగా!" అన్నాను.

లాంగ్ నోట్‌బుక్ కొత్తది కొన్నాను. ఎర్ర పెన్నుతో గీతలు కొట్టాను. గది కొలత పద్నాలుగు అడుగులు, పన్నెండు అడుగులు అని రాశాను (ఎందుకంటే మా కొట్టుకొచ్చే మోతుబరులంతా అలాంటి అంకెలే చెప్పేవారు). కూడితే పద్దెనిమిది దాటిపోయింది. అలమర కొట్టేశాను, ఇంకా దాటింది. వంట గట్టు కొట్టేశాను, ఇంకా కాస్త దాటింది. చివరికి ఇనప కిటికీ కూడా కొట్టేస్తే పదిహేడు వేల తొమ్మిది వందల తొంభై దగ్గర ఆగింది. అన్నాల దగ్గర గొంతు సవరించుకుని చదివి వినిపించాను. నాన్న "శభాష్‌రా!" అన్నారు. అమ్మ చారు పోస్తూ, "కిటికీ లేదా నాన్నా?" అంది. "వెంటిలేటరుందిగా అమ్మా" అన్నాను. అమ్మ "ఊఁ" అంది. ఆ "ఊఁ"కి అర్థం తెలిసే వయసు కాదు నాది.

మేస్త్రిది వత్సవాయి. రసమట్టం చేతిలో లేకుండా ఎవరికీ కనపడేవాడు కాదు. టీ కొట్టు బల్ల మీద కూడా దాన్ని పెట్టి, వంకర లేదని తేలాకే కూర్చునేవాడు. అందుకే ఆయన్ని అందరూ రసమట్టం మేస్త్రి అనేవారు. మా కొట్టుకొచ్చినప్పుడు సంగతి చెబితే, "రేప్పొద్దున ఏడింటికల్లా వస్తా బాబూ. జాగాలో ముగ్గు పోయించి ఉంచండి, చూసి చెప్తా" అన్నాడు. నేను అన్నీ తెలిసినవాడిలా తలూపాను. (కట్టుబడి పనిలో ముగ్గు పోయడమంటే గోడలు వచ్చే చోట సున్నంతో గీతలు గీయడం. ఈ ముక్క బిల్లు పుస్తకంలో ఎక్కడా ఉండదు మరి.) ఇంటికొచ్చి, "అమ్మా, వంటగది వచ్చే చోట మంచి ముగ్గేసి ఉంచమన్నాడు మేస్త్రి" అని చెప్పాను. "మంచి" అనేది నేను సొంతంగా కలిపాను. అమ్మ మొహం వెలిగిపోయింది. "ఎంత పద్ధతి గల మనిషి! శుభమా అని మొదలుపెట్టేటప్పుడు ఆ మాత్రం ఉండాలి" అంది.

తెల్లారి లేచి చూద్దునుగదా, రేకుల పక్కనున్న జాగా అంతా పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, మధ్యలో ఎనిమిది రేకుల పద్మం, దాని చుట్టూ మెలికలు, ఆ మెలికల చుట్టూ మళ్ళీ బోర్డరు! పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసి, "ఏంటక్కా, ఏదన్నా పండగ మర్చిపోయానా?" అని కంగారుపడింది. మేస్త్రి వచ్చాడు. చెప్పులు విడిచాడు. కాసేపు ముగ్గుకేసీ, కాసేపు నాకేసీ చూశాడు.

"ఏంది బాబూ ఇది?"

"ముగ్గండి. మీరే చెప్పారుగా!"

"ఓరి నాయనో! గోడలకి పోయమన్నా బాబూ, గొబ్బెమ్మలకి కాదు. ఈ మెలికలన్నిటి మీదా గోడ లేపితే మీ కొట్లో సిమెంటు మొత్తం చాలదు!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పరువు కాపాడుకుందామని నోట్‌బుక్ అందించాను. మేస్త్రి దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాడు. "సిమెంటుంది, ఇనుముంది, మేకులు గూడా ఉన్నాయి. ఇసకేది?"

"మున్నేట్లో ఉందిగదండీ" అన్నాను.

"ఉంటే? అదే నడిచొస్తదా? పోనీ ఇటుకేది? అది సరే, అసలు ఇందులో నేనేడయ్యా?"

"మీరంటే..."

"నా కూలి బాబూ, కూలి!"

అప్పుడర్థమైంది. నా ఎస్టిమేటులో మా కొట్లో అమ్మేవన్నీ ఉన్నాయి, అమ్మనిది ఒక్కటీ లేదు. మేస్త్రి మనసులోనే లెక్కవేసి, "ఈ కొలతకైతే ముప్ఫై అయిదు దాటుద్ది మాస్టారూ" అన్నాడు. నాన్న కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "అయితే ఇంకేముంది, వచ్చే ఏడు..." అన్నారు. అమ్మ చీపురు తెచ్చి, ముగ్గు ఊడవడానికి వంగింది. నిజం చెబుతున్నాను, నన్ను ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

"ఆగమ్మా, ఆగు" అన్నాడు మేస్త్రి. టేపు తీసి ముగ్గుని ఆ అంచు నుంచి ఈ అంచుకి కొలిచాడు. "తొమ్మిది, ఎనిమిది. అమ్మా, ఇంత జాగాలో నీకు వంట సాగుద్దా?" అమ్మ పద్మం తొక్కకుండా అంచుల మీదే నడుస్తూ చూపించింది. "పొయ్యి ఇక్కడండి. బిందె ఇక్కడ. నేనిక్కడ. వండేది ఒక్కదాన్నేగా, ఇంకెంత కావాలి? ఒక్క కిటికీ ఉంటే చాలండి, పొగ పోవాలిగా." మేస్త్రి నాన్న వైపు తిరిగాడు. "మాస్టారూ, మీ వాడు రాసింది వంటగది కాదు, కల్యాణమండపం. అమ్మగారి ముగ్గు కొలతకి కడితే కిటికీతో, ఇటుక ఇసకలతో, నాతో కలిపి మీ పద్దెనిమిదిలోనే తేలుద్ది. ఏం బాబూ, వండే మనిషిని అడక్కుండా వంటగదికి లెక్కేంది?"

తొలకరికి నాలుగు రోజుల ముందు పని పూర్తయింది. మొదటి వాన పడిన రోజు అమ్మ నన్ను కేకేసి పిలిచి, కిటికీలోంచి పొగ బయటికి పోవడం చూపించింది. అందులో చూడ్డానికేముందో నాకు తెలియలేదు గానీ, ఇద్దరం చాలాసేపు చూశాం.

పదేళ్ళు తిరిగేసరికి నందిగామలో సొంతంగా చిన్న కొట్టు పెట్టుకున్నాను. గ్యాసు పొయ్యి వచ్చింది, మా ఆవిడ వచ్చింది, వంటగదిలో ఇద్దరికి చోటు చాలక గది పెంచాల్సిన రోజూ వచ్చింది. అలవాటు చావక నోట్‌బుక్ తీసి, ఎర్ర పెన్నుతో గీత కొట్టబోయాను. మా ఆవిడ (ఆ కథ అమ్మ ఆవిడకి ఎన్నిసార్లు చెప్పిందో దేవుడికే తెలియాలి) ముగ్గు డబ్బా తెచ్చి నా నోట్‌బుక్ మీద పెట్టింది. "ముందు అత్తయ్యగారూ నేనూ ముగ్గేసుకుంటాం. మీ లెక్క ఆ తర్వాత" అంది. పాపం, ఆ ఇరవై రెండేళ్ళ సర్వజ్ఞుడు గుర్తొచ్చాడు. వాడు "పోయించి"ని "వేసి"గా మార్చి ఉండకపోతే మా అమ్మ వంటగది ఇంకా వచ్చే ఏట్లోనే ఉండేది. పెన్నుకి మూత పెట్టేసి, "పోనీ, చుక్కలన్నా నన్ను పెట్టనివ్వండి" అన్నాను.

"వద్దులే నాన్నా," అంది అమ్మ కిటికీ దగ్గర్నుంచి, "నువ్వు పెడితే ఇసక మర్చిపోతావు."