కొలతల బుక్కులతోని వచ్చిన ఇల్లు

లాల్‌దర్వాజాల మేము కిరాయికున్నది ఒక్క అర్ర. అండ్లనే పొయ్యి, అండ్లనే నా కుట్టు మిషను, అండ్లనే మా అత్త మంచం. మా ఆయన ఉస్మాన్‌గంజ్‌ల మిర్చి దుకాణంల మూటలు మోసేటోడు. నేను గల్లీల ఆడోళ్లకు జాకెట్లు కుడుతుంటి. సొంతిల్లు అన్న మాట మా నోట్లె ఎన్నడూ రాలే.

ఒకనాడు మా అత్త గుడి కాడ విని వచ్చింది. ఏదో సేవా సంస్థ మా అసోంటోళ్లకు షహర్ అవుతల ఇండ్లు కట్టిస్తదట, చిన్న చిన్న కిస్తులల్ల కట్టుకోవచ్చట.

"పోయి అడుగు బిడ్డా, అడుగుతె ఏం పోతది?" అన్నది.

పోయిన. ఫారం ఇచ్చిండ్రు. ఇదివరకు సొంతిల్లు ఉండొద్దు, సంపాదన నిలకడగ ఉండాలె. ఇంకోటి, మన ఇల్లొక్కటే కాదు, తోటోళ్ల ఇండ్లు కట్టేటప్పుడు గూడ వచ్చి పని చెయ్యాలె. పనికి నేను భయపడలే. సంపాదన అన్న కాడనే పెన్ను ఆగిపోయింది. మా ఆయనకు సేటు నోటిమాటనే గాని కాయిదం ఇయ్యడు. ఇగ నాకెవరిస్తరు?

వారానికి సంస్థ నుంచి ఒక మేడం మా ఇల్లు చూడొచ్చింది. కూసోనీకె జాగ లేక మిషను స్టూలు ఇచ్చిన.

"మీకు ఏడాది పొడుగునా పని ఉంటుందని ఎట్లా నమ్మాలమ్మా?" అని మెల్లగ అడిగింది.

నేను మా అత్త దిక్కు చూసిన. మా అత్తనే లేచి, మిషను కింది రేకు డబ్బా గుంజి, నా కొలతల బుక్కులు ఆమె ఒళ్లె పెట్టింది. పదకొండేండ్లవి. పేజీకొక మనిషి. ఛాతి, నడుము, చెయ్యి పొడుగు, పక్కన పిన్నుతోని గుచ్చిన గుడ్డముక్క.

మేడం ఒక్కొక్క పేజీ తిప్పుకుంట ఒకకాడ ఆగింది. "ఈమెవి ఆరుసార్ల కొలతలున్నాయేంటి?"

"పెండ్లికి కుట్టిచ్చుకున్నది మేడం. కడుపుతోని ఉన్నప్పుడు రెండుసార్లు వదులు చేసిన. తర్వాత బక్కగైంది. నడుమ జరమొచ్చి ఇంకింత ఎండిపోయింది. ఇప్పుడు మంచిగున్నది."

గల్లీ బతుకంత నా చేతిరాతల ఉన్నదని అప్పటిదాక నాకే తెల్వది.

"ఇంత వివరంగా ఉన్న జీతం కాయితం నేనెక్కడా చూడలేదు" అన్నది మేడం. పోతపోత గల్లీల నలుగురిని అడిగి పోయిందట. ఆరు కొలతలామె అయితే నేను కుట్టిన జాకెట్లన్ని తెచ్చి ముందరేసిందట!

నెలకు మా పేరు ఒప్పుకున్నమని మెసేజి వచ్చింది. మా ఆయన నాతోని నాలుగుసార్లు సదివిచ్చుకున్నడు. తర్వాత బయటికి పోయి గల్లీల నిలబడ్డడు.

ఇగ ప్రతి ఆదివారం ఇండ్ల పనే. మా స్లాబు నాడు, అంతకుముందే ఇల్లయిపోయిన ఒక తురకామె అందరికంటె ముందొచ్చి తట్ట అందుకున్నది.

"మీదైపోయింది గదా ఆపా, ఎందుకీ కష్టం?" అన్న.

"మా స్లాబుకు నువ్వు మోయలేదా? ఏంది గట్ల అడుగుతవ్!" అని నన్నే కోప్పడ్డది. పొద్దుగూకేదాక ఎవ్వరూ కూసోలే. నాకు పేర్లు గూడ సరిగ్గ తెల్వని మనుషులు నా నెత్తి మీదికి కప్పు మోస్తున్నరు.

ఆ ఇంట్లకొచ్చి ఇప్పటికి రెండేండ్లు. గృహప్రవేశం కంటె స్లాబు పోసిన తెల్లారే నాకు ఎక్కువ యాదికుంటది. నీళ్లు కొడ్దామని పైకెక్కి అరచెయ్యి ఆనిచ్చిన. ఎండ ఇంక రాలే, అయినా స్లాబు గోరువెచ్చగున్నది.

"సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల్నుంచి వేడి పుడ్తదమ్మా" అన్నడు మేస్త్రి.

మా అత్త మా ఆయన చెయ్యి పట్టుకొని నిచ్చెన ఎక్కొచ్చింది. వంగి, తను గూడ చెయ్యి పెట్టింది. ఎంతసేపటికీ తియ్యలే.

"పసిపిల్ల మాడు లెక్క ఉన్నదే" అన్నది.