టేపు చేతికొచ్చిన వయసు

పెళ్లయి వారం తిరక్కుండానే ఆవిడ తెర వెనక్కి వెళ్లింది. మొగుడు టైలరు. బజారు మీదకి ఒకటే గది, మధ్యలో గుడ్డ తెర. తెరకి ఇవతల నిలువుటద్దం, కుర్చీ, గోడకి తగిలించిన చొక్కాలు, మెడలో టేపు వేసుకున్న ఆయన. అవతల కుట్టుమిషను, కత్తిరించే బల్ల, గుడ్డముక్కల గుట్ట, ఆవిడ. బజారంతా ఆయన్ని మాస్టరు అనేది. ఆవిణ్ణి మాస్టరుగారి ఆవిడ అనేది, అదీ ఎప్పుడైనా అవసరం పడితే.

పని ఎలా సాగేదంటే, ప్యాంటు కుట్టించుకునే మగాడు వచ్చి అద్దం ముందు నిలబడతాడు. మాస్టరు నడుం చుట్టూ టేపు తిప్పి కొలత పైకి అంటాడు. తెర వెనక ఆవిడ దాన్ని సుద్దబిళ్లతో గుడ్డ మీద వేసుకుంటుంది. కత్తిరించేది ఆవిడే, కుట్టేది ఆవిడే, కాజాలు తీసేది ఆవిడే, గుండీలు వేసేదీ ఆవిడే. మరి కొలతొక్కటీ ఎందుకు తియ్యదూ అంటే, అయ్యో, ఇంకేమైనా ఉందా! వయసులో ఉన్న ఆడది పరాయి మగాడి నడుం చుట్టూ చెయ్యి వెయ్యడమే! అత్తగారు మొదటిరోజే చెప్పేసింది: "నీ చేతులకి గుడ్డ తగలాలి గానీ మనుషులు తగలకూడదమ్మాయ్. జనం ఏమనుకుంటారు?"

మాస్టరు చెడ్డవాడు కాదు. కానీ ఒట్టి మొహమాటస్థుడు. టేపు నడుముకి తగలగానే ఏ మగాడైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. అదేం జబ్బో గానీ, గుమాస్తా అయినా కూలివాడైనా అంతే. మాస్టరు ఒక్కణ్ణీ "వదలండి సార్" అని అనడు. పైగా "నడుం అలాగే ఉంచుకున్నారండీ, కుర్రాళ్లకి కూడా ఉండదు" అని టేపు ఇంకో పిసరు బిగిస్తాడు. తెర సందులోంచి చూస్తున్న ఆవిడకి ఒళ్లు మండిపోయేది. కొత్తలో ఒకసారి ఉండబట్టలేక, "ఏమండీ, ఆయన పొట్ట బిగబట్టాడు..." అంది.

"ష్!" అన్నాడు మాస్టరు.

అంతే. ఆ పైన ఆవిడ నోరెత్తలేదు. ఆయన చెప్పిన కొలతకి రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ కలిపి కత్తిరించడం మొదలుపెట్టింది. ప్యాంట్లు ఒంటికి అతికినట్టు వచ్చేవి. "మాస్టరు చెయ్యి పడితే తిరుగులేదు" అనేవాళ్లు జనం. మాస్టరు మీసం దువ్వుకునేవాడు. ఆవిడ లోపల కాజాలు తీసుకునేది.

అలా పడుచుతనం పోయింది, నడివయసు పోయింది, మోకాళ్లు పోయాయి. మాస్టరుకి కళ్లు మసకబారాయి. ఆయన కంటి డాక్టరు దగ్గరికెళ్లిన ఓ పొద్దున లారీ డ్రైవరొకడు షాపు ముందు లారీ ఆపి, ఇంజను ఆపకుండానే దూకాడు.

"మాస్టరు లేడా?"

"లేరు నాయనా, మధ్యాహ్నం వస్తారు," అంది ఆవిడ తెర పక్కనుంచి తల బయటపెట్టి.

"మధ్యాహ్నానికి నేనెక్కడుంటానో నాకే తెలీదు. నువ్వే కొలిచెయ్ మామ్మా."

"నేనా?"

"టేపు అదుగో, నేనిదుగో. ఇంకేం కావాలి?"

ఆవిడ బయటికొచ్చింది. చేతులు ఓసారి చీరకొంగుకి తుడుచుకుంది. నలభై ఏళ్లు పైబడ్డ భయం మరి! టేపు తీసి ఆ డ్రైవరు నడుం చుట్టూ వేసింది. వాడు పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆవిడ తనకి తెలీకుండానే వేలితో వాడి పొట్ట మీద ఒక్క పొడుపు పొడిచింది. "ఎవరికోసంరా ఆ దాపరికం? వదులు!"

వాడు పగలబడి నవ్వాడు. పొట్ట వదిలేశాడు. కొలత ఇచ్చి, ఆ నాలుగు నిమిషాల్లోనే పెళ్లాం అలిగి పుట్టింటికి వెళ్లిన సంగతి కూడా చెప్పేసి, "వస్తా మామ్మా" అని లారీ ఎక్కేశాడు.

ఆవిడ గుమ్మంలోకొచ్చి వీధి అటూ ఇటూ చూసింది. ఆకాశం విరిగి పడుతుందేమో, ఎవరైనా ముక్కున వేలేసుకుంటారేమో అని. ఎదుటి సైకిలు షాపాయన ట్యూబులో గాలి కొడుతూ, "ఏం వదినా, బేరమా?" అని మళ్లీ తన పనిలో పడిపోయాడు. అంతే. ఇంకేం జరగలేదు.

ముందు నవ్వొచ్చింది ఆవిడకి. ఆ తర్వాత కోపం వచ్చింది. మామూలు కోపం కాదు.

మాస్టరు చుక్కలమందు వేయించుకుని తిరిగొచ్చేసరికి ఆవిడ నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏమండీ, ఇవాళ పరాయి మగాణ్ణి కొలిచాను."

"ఏమైంది?"

"అదే నేనూ అడుగుతున్నా! ఏమైంది? ఏం కాలేదు! ఈ ఏం కాకపోవడం కోసమా నన్ను ఇన్నేళ్లు ఆ మూల పడేశారు?"

మాస్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మందు పడ్డ కంటికి ఏమీ కనపడ్డం లేదని చెప్పి బతికిపోయాడు.

ఆ రోజునుంచి టేపు ఆవిడ మెళ్లోకి వచ్చింది. ఇక చూడాలి ఆవిడ దర్జా! ముసలితనం ఇన్ని వరాలు మూట కట్టుకుని వస్తుందని ఎవరైనా ముందే చెబితే, త్వరగా రమ్మని కబురు పెట్టేదే. షాపు మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని టీ తాగింది, ఎవరూ తప్పు పట్టలేదు. నవ్వొస్తే వీధి చివరికి వినపడేలా నవ్వింది, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. కొలతకొచ్చిన మగాళ్లని "ఏరా, నడుం పెరిగింది, నడక మానేశావా?" అనేసింది. అదే మాట మాస్టరు అంటే మొహం మాడ్చుకునేవాళ్లే, "అవును మామ్మా" అని తల గోక్కున్నారు. పోలీసాయన చొక్కా పట్టుకుని ఊపేసి "నిటారుగా నిలబడు, గూని వస్తుంది" అంది. నిలబడ్డాడు.

కానీ సుఖపడుతున్న కొద్దీ ఆవిడకి మంట ఎక్కువయ్యేది. "చూశావా," అనేది సైకిలు షాపాయనతో, "ఇదంతా ముందునుంచీ ఇక్కడే ఉంది. వీళ్ల నడుములూ ఇక్కడే ఉన్నాయి, నా చేతులూ ఇక్కడే ఉన్నాయి. నా పళ్లూడేదాకా ఆగి ఇచ్చారు చూడు, దానికే నాకు ఒళ్లు మండుతుంది."

ఇలా ఉండగా కొడుకు దిగాడు. వాడు బస్టాండు దగ్గర రెడీమేడ్ బట్టల కొట్లో కౌంటరు మీద ఉంటాడు. ఓ సాయంత్రం వచ్చి, చెప్పులు విడవకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, మా కొట్లో అందరూ నన్నే అడుగుతున్నారు. ఈ వయసులో మీ అమ్మని బజార్లో నిలబెట్టావేంరా అని. జనం ఏమనుకుంటారు?"

"మళ్లీ వచ్చారా జనం?" అంది ఆవిడ. "పడుచుపిల్ల బయట నిలబడితే జనం ఏమనుకుంటారు అన్నారు. ముసల్ది నిలబడితే జనం ఏమనుకుంటారు అంటున్నారు. మధ్యలో ఎప్పుడైనా ఈ జనం ఊరెళ్లిన రోజుంటే చెప్పకూడదట్రా? ఆ రోజు కొలిచేదాన్ని!"

"అది కాదమ్మా. నువ్వు విశ్రాంతి తీసుకోవాలి."

"అంటే పని మానెయ్యనా?"

కొడుకు అప్పుడు చెప్పులు విడిచాడు. "మానెయ్యడమంటే... లోపల కూర్చుని నెమ్మదిగా కుట్టుకో. తెర ముందు ఒక మనిషిని పెడతాను."

"ఓహో! అంటే నేను పని మానక్కర్లేదు, కనపడ్డం మానాలి!"

మొగుడి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. వారం తిరిగేసరికి తెర ముందుకి ఒకాయన దిగాడు. ముప్పై దాటిన మనిషి. ఇస్త్రీ మడత నలగదు. రాకముందే వాసన వచ్చేది, అందుకని ఆవిడ సెంటు బాబు అని పేరు పెట్టింది. టేపు అతని మెళ్లోకి వెళ్లింది. ఆవిడ తెర వెనక్కి వెళ్లింది. ఈసారి మాత్రం నోరు మూసుకుని వెళ్లలేదు. లోపల మిషను ఒక పక్క, ఆవిడ ఒక పక్క. ఏది ఎక్కువ చప్పుడు చేస్తోందో బజారులో ఎవరికీ తెలిసేది కాదు.

సెంటు బాబుకి పని రాదనడానికి లేదు. టేపు లోపల తన వేలొకటి పెట్టి, మనిషిని మాటల్లో పెట్టి, పొట్ట వదిలాకే కొలిచేవాడు. సరైన కొలతే తెర మీదుగా లోపలికి పంపేవాడు. ముప్పు ముంచుకొచ్చింది అక్కడే. ఆవిడ కోపంలో ఉంది. ధ్యాసంతా కొడుకుని తిట్టడం మీద ఉంది. చెయ్యి దాని దారిన అది పోయింది. తెర అవతలనుంచి కొలత వినపడటం, ఆవిడ చెయ్యి రెండు వేళ్లు కలపడం. ఇన్నేళ్ల అలవాటాయె! అతని కొలతకీ కలిపేసింది.

మొదటి ప్యాంటు హోటలు వంటాయనది. మంచి భారీ మనిషి. కొత్త ప్యాంటు కదాని ముచ్చటపడి వేసుకుని, రెండు చేతులా వేడి గిన్నె పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి బయల్దేరాడు. హాలు నిండా జనం. సగం దూరం వచ్చేసరికి ప్యాంటు దిగడం మొదలుపెట్టింది. గిన్నె దించుదామంటే బల్ల లేదు, ప్యాంటు పట్టుకుందామంటే చెయ్యి లేదు. కాళ్లు దగ్గరపెట్టి బాతులా నడుచుకుంటూ, అందరూ చూస్తుండగా ఎలాగో బల్ల చేరాడు. అప్పటికి ప్యాంటు మోకాళ్లు చేరింది.

గంటలో షాపులో ఉన్నాడు, ప్యాంటు గుప్పిట్లో పట్టుకుని. కొడుకు కూడా అప్పుడే వచ్చాడు. సెంటు బాబు ప్రమాణాలు చేస్తున్నాడు తను సరిగ్గానే కొలిచానని. కొడుకు నిట్టూర్చి అందరికీ వినపడేలా అన్నాడు: "పోనీలెండి. అమ్మ చేసిన పొరపాటే. వయసు కదండీ, చేతులు తడబడతాయి."

తెర ఒక్క ఊపున పక్కకి జరిగింది.

"వయసా?" అంది ఆవిడ. "ఏదిరా వయసు? మీ నాన్న కొలతలన్నిటికీ రెండు వేళ్లు కలిపి కత్తిరించా, పెళ్లయిన కొత్తనుంచీ! ఆ అలవాటు పోక ఈయనకీ కలిపా. చేతులు తడబడలేదు, తడబడకపోవడమే నేను చేసిన తప్పు!"

కుర్చీలో ఉన్న మాస్టరు నెమ్మదిగా తలెత్తాడు. "నా కొలతలకా?"

"మీ కొలతలకే."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"ఆ జడ్జిగారి కోటు... నన్ను ఇంటికి పిలిపించి మరీ మెచ్చుకున్నారే..."

"దానికి మూడు వేళ్లు."

వంటాయన నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. మాస్టరు నవ్వలేదు. పాపం, మీసం మీదకి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"చెప్పాను. నోరు ముయ్యమన్నారు. మళ్లీ చెబుదామంటే మధ్యలో ఇదొకటి," అంటూ తెరని గుప్పిట పట్టి ఊపింది. "మీ పరువు నేను లోపల కూర్చుని కుట్టుకుంటూ వచ్చా. మీకు మెప్పు, నాకు మూల. ఇప్పుడు వయసొచ్చింది, నలుగురి ముందూ నిలబడే రోజొచ్చింది అనుకుంటే, అదే వయసుని అడ్డం పెట్టి మళ్లీ లోపలికి తోస్తారా? నేను వెళ్లను. ఈ గుమ్మంలోంచి నన్ను మోసుకెళ్లాల్సిందే!"

కొడుకు "అమ్మా, మెల్లగా, వీధిలో అందరూ..." అన్నాడు.

"వాణ్ణి ఆగమనండి," అంది మొగుడితో.

 మాస్టరు చేతికర్ర ఆనించుకుని లేచాడు. సెంటు బాబు మెళ్లోంచి టేపు తడుముకుంటూ తీసి, దాన్ని పెళ్లాం చేతిలో పెట్టాడు. "నువ్వు లోపలికి పోయి మిషను మీద కూర్చో బాబూ," అన్నాడు అతనితో. "ముందువైపు ఆవిడది." కొడుకు ఏదో అనబోతే, "నువ్వు నీ కొట్టుకి పో," అన్నాడు. తండ్రి అంత గట్టిగా మాట్లాడ్డం వాడు ఎప్పుడూ వినలేదు.

ఆవిడ వంటాయన్ని అద్దం ముందు నిలబెట్టింది. సెంటు బాబు లోపలికెళ్లాడు. పావుగంట కూడా గడిచి ఉండదు, తెర పక్కనుంచి చెమటలు కారుతున్న మొహం బయటికొచ్చింది.

"మామ్మగారూ, ఇక్కడ ఫ్యాను లేదండీ. గాలాడ్డం లేదు. మనిషి ఎలా కూర్చుంటాడండీ?"

కొడుకు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "అయ్యో, నిజమే కదా! ఉండండి, ఇప్పుడే తెస్తాను," అంటూ రోడ్డు దాటి ఎలక్ట్రికల్ షాపులోకి పరిగెత్తాడు. నిజంగానే పరిగెత్తాడు!

ఆవిడ వాడు వెళ్లిన వైపు ఓసారి చూసింది. తర్వాత వంటాయన నడుం చుట్టూ టేపు బిర్రుగా బిగించి, "చూశావా నాయనా?" అని అందుకుంది. "ఆ మూల నేను ముగ్గురు పిల్లల్ని కడుపున మోస్తూ కుట్టాను. ఎండాకాలాలన్నీ కుట్టాను. ఒక్కడంటే ఒక్కడికి నాకు గాలాడదని తోచలేదు. ఈయనకి పావుగంటలో ఫ్యాను!"

ఆ సాయంత్రం ఆ షాపుకొచ్చిన ప్రతి మగాడికీ ఆవిడ ఆ సంగతి మొదట్నించీ చెప్పింది, కొలతలు తీస్తూ. చేతులు పైకెత్తి, నడుం చుట్టూ టేపుతో నిలబడ్డవాడు ఎక్కడికి పోతాడు? అందరూ పూర్తిగా విన్నారు.